గృహనిర్మాణము – కైంకర్యదృష్టి

గోదావరీనది మహారాష్ట్రభూమిని విడిచి తెలుగునేలపై తొలి అడుగు మోపు తావు కందకుర్తి. నిజామాబాదు జిల్లాలో బోధను పట్టణమునకు సమీపమున నున్న ఈ క్షేత్రమున మంజీర, హరిద్ర నదులు గోదావరితో కలియుటచే యాత్రికులు దీనిని త్రివేణీసంగమమని సేవింతురు. శ్రీరామచంద్రుడు సీతాలక్ష్మణసమేతుడై నివసించిన పంచవటి ఇక్కడికి ఎగువన నాసికయందున్నదని కొందరు, దిగువన భద్రాచలసమీపమున నున్న పర్ణశాలయే అదియని మరికొందరు నమ్ముదురు. ఆ వివాదము తీరునది కాదు. తీరవలసిన అవసరమును లేదు. ఎగువనైనను, దిగువనైనను నది ఒక్కటియే. కందకుర్తిలో మునిగి లేచిన భక్తుడు సీతమ్మ కడవతో నీళ్ళు ముంచుకొన్న నదిలోనే మునిగి లేచుచున్నాడు.

ఆ పర్ణశాల నిర్మాణమును వాల్మీకిమహర్షి అరణ్యకాండలో తీరికగా వర్ణించెను. స్థలమును వెదకుమని తమ్మునితో చెప్పునపుడు శ్రీరాముడు సూచించిన గుర్తులు గమనింపదగినవి. అది జానకి మనస్సు రంజిల్లు చోటు కావలెను. లక్ష్మణునికిని, తనకును అటులే హితము కావలెను. జలాశయము చేరువలో నుండవలెను. వనమును, నేలయును రమణీయముగా నుండవలెను. సమిధలు, పుష్పములు, దర్భలు చేతికందవలెను. ఈ వరుసలో మొదటి పేరు సీతమ్మది. దర్భలు తరువాత, నీరు సైతము తరువాత. అడవిలోనైనను ఇంటిలో ఎక్కువ పొద్దు గడుపునది ఆమె గదా!

దానికి లక్ష్మణుడిచ్చిన సమాధానమును శ్రీవైష్ణవ పూర్వాచార్యులు పారతంత్ర్యమునకు నిదర్శనముగా పదే పదే స్మరించిరి. అన్న ఉన్నంతవరకు నూరేండ్లైనను తాను పరతంత్రుడనే యనియు, స్థలము తనకు నచ్చినది కాక అన్నకు నచ్చినది కావలెననియు, ఇచట కట్టుమని ఆజ్ఞాపించిన చాలుననియు ఆయన మనవి చేసెను. పిమ్మట శ్రీరాముడు స్వయముగా చోటు చూపెను. లక్ష్మణుడు మట్టిని గట్టిపరచి, మంచి స్తంభములు నాటి, పొడవైన వెదుళ్ళు పరచి, జమ్మికొమ్మలు వేసి, దర్భలతోను, రెల్లుతోను, ఆకులతోను కప్పి, నేలను చదును చేసి విశాలమైన శాలను సిద్ధపరచెను. గోదావరిలో స్నానమాడి, పద్మములు తెచ్చి, పుష్పబలి సమర్పించి, శాంతి చేసి, ఆ తరువాతనే అన్నకు చూపెను. శ్రీరాముడు ఆ శాలను చూచి ఆనందభరితుడై తమ్ముని కౌగిలించుకొని, భావమెరిగినవాడవని శ్లాఘించెను. నీవుండగా మన తండ్రి గతించినట్లు లేదని పలికెను. చక్రవర్తి కుమారుడు తాను చూచిన సౌధములను తలచుకొనక, ఒక గుడిసెలో తండ్రి వాత్సల్యమును చూచినాడు. ఆ శాల వెదుళ్ళలో లేనిది, కట్టినవాని మనస్సులో నున్నది ఆయనకు కనబడినది.

ఇంటికిని, దేహమనస్సుల ఆరోగ్యమునకును గల సంబంధమును గూర్చి నేడు వైద్యులు, శిల్పులు ఎన్నో విషయములు చెప్పుచున్నారు. గాలి, వెలుతురు, వేడి, తేమ, పొగ, శబ్దము అను వీటి లెక్కలన్నియు అవసరమే. కాని ఆ లెక్కలకు ముందు ఒక ధర్మప్రశ్న గలదు. ఇల్లు ఎవరి కొరకు? కట్టించువాని కొరకా, చూచువారి కొరకా, లేక అందులో పగలంతయు మసలువారి కొరకా? భావజ్ఞత లేనిచోట ఎంత సిమెంటు పోసినను ఆ గోడల నడుమ ఎవరో ఒకరు రోగులగుచునే యుందురు.

ఇక్కడ విరక్తులైన భక్తులు ఒక ఆక్షేపణ చేయుదురు. దేహమే అద్దె యిల్లు; దానికి మరల ఇంటి చింత ఏల? దేవకీదేవి చెరసాలలోనే గదా శ్రీకృష్ణుని కన్నది! కంచర్ల గోపన్న గోలకొండ బందీఖానాలోనే గదా శ్రీరామకీర్తనలు పాడినాడు! దూరమేల, ఇందూరు పట్టణమున కొండపై వెలసిన రఘునాథాలయమును సేవించు యాత్రికులకు ఆ ఖిల్లాలోనే నిజాము కాలమున జైలు ఉండెడిదని తెలియును. మహాకవి దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి అందు బందీలుగా నుండిరి. దాశరథి బొగ్గుముక్కతో గోడపైననే పద్యములు వ్రాసిరి. మనస్సు దృఢమైన చోట గోడ సైతము కాగితమగును. అట్టివారికి గవాక్షములు, చెట్లనీడలు ఎందుకని వారి వాదము.

ఈ ఆక్షేపణ బలమైనదే. కాని దీనియందొక మెలిక యున్నది. చెరసాలలో ధైర్యము వహించినవాడు పూజ్యుడు. అంతమాత్రమున ఇంటిని చెరసాలగా కట్టువాడు పూజ్యుడు కాడు. వైరాగ్యము తనకు తాను విధించుకొనునది. కటికనేలపై పరుండుట తన విషయమున తపస్సు. కన్నతల్లిని గాలి లేని అర్రలో పరుండబెట్టి, ఈ దేహమెంత, ఈ జగమెంత అనుట తపస్సు కాదు. ఇతరుల కష్టముపై పండు వైరాగ్యమునకు శాస్త్రమున చోటు లేదు.

ముదలాళ్వార్ల వృత్తాంతము ఈ భేదమును తేటపరచును. తిరుక్కోవలూరులో ఒక రాత్రి గాలివానయందు పొయ్‌గై ఆళ్వారు ఒక ఇంటి ఇరుకు నడవలో తలదాచుకొని పరుండెను. పూదత్తాళ్వారు వచ్చి తలుపు తట్టగా, ఒకరు పరుండు చోట ఇద్దరు కూర్చుండవచ్చునని చెప్పి లేచి కూర్చుండెను. పేయాళ్వారు రాగా, ఇద్దరు కూర్చుండు చోట ముగ్గురు నిలువవచ్చునని ఇరువురును లేచి నిలిచిరి. ఆ చీకటిలో నాల్గవవాడెవరో తమ్ము ఒత్తుచున్నట్లు తోచినది. ఆ ఒత్తినవాడు సాక్షాత్తు శ్రీమన్నారాయణుడు. వేదాంతదేశికులు దేహళీశస్తుతిలో ఆ స్వామిని పెణ్ణానదీతీరమున పెరిగిన చెరకుగడగా భావించి, ఆళ్వార్ల ఒత్తిడియే గానుగయై రసము వెలువడినదని చమత్కరించిరి. బోధను ప్రాంతపు రైతులకు ఈ ఉపమానము విడమరచి చెప్పనవసరము లేదు.

ఈ కథను ఇరుకుతనమునకు ప్రశంసగా చెప్పుట వాడుక. హృదయము విశాలమైన ఇల్లు ఇరుకైనను చాలునందురు. ఆ తాత్పర్యము తప్పు కాదుగాని, అసలు రహస్యము మొదటి ఆళ్వారు చేసిన పనిలో నున్నది. పరుండినవాడు లేచినాడు. తన నిద్రను, తన స్థలమును తానే తగ్గించుకొన్నాడు గాని, వచ్చినవానిని వానలో నిలిపి వైరాగ్యము బోధింపలేదు. స్థలము కుదించుకొనవలసివచ్చినపుడు ఎవరు కుదించుకొనవలెను అనునదే ప్రశ్న. నేటి ఇండ్లలో ఆ కుదింపు ఎవరి పాలబడుచున్నదో చూచినచో ఆ యింటి ధర్మము తెలియును.

ఇందూరు, బోధను ప్రాంతములలో పాతకాలపు ఇండ్లు నేటికిని కొన్ని నిలిచియున్నవి. వీధికి అరుగులు, లోపల దలానము, నడుమ ఆకాశమునకు తెరచిన వాకిలి, చుట్టును అర్రలు, వెనుక పెరడు. మందమైన మట్టిగోడలు, డంగుసున్నము, పైన గూనపెంకులు. వేసవిలో ఈ జిల్లాలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరును. మధ్యాహ్నపు వేడి మందమైన గోడను దాటి లోనికి వచ్చుసరికి పొద్దు వాలును. రాత్రి నడివాకిట వేడిగాలి పైకిపోవ, చల్లగాలి లోనికి దిగును. తులసికోట వద్ద నిలిచిన ఇల్లాలికి ఉదయసూర్యుడు కనబడును. అరుగుపై కూర్చున్న వృద్ధునికి దారిన పోవు ప్రతివాడును ఒక మాట. మనోవ్యాధులకు ఒంటరితనము ఒక మూలకారణమని వైద్యులు చెప్పకమునుపే ఆ అరుగు దానికి మందుగా నుండెను.

అయినను పాత ఇల్లు వైకుంఠము కాదు. ఆ అరుగుపై కూర్చుండు అధికారము ఊరిలో అందరికిని ఉండెడిది కాదు. లోపలి అర్రలకు కిటికీ అరుదు. బాలింతలను చీకటిగదిలో, గాలి తగులరాదని మూసియుంచెడివారు. అన్నిటికన్న ఘోరము వంటయిల్లు. కట్టెలు, పత్తికట్టె, చెరకుపిప్పి, పిడకలు ఏది దొరికిన అది పొయ్యిలో మండును. పొగపోవు దారి పెంకుల సందులే. వైష్ణవగృహములలో పెరుమాళ్ళకు ధూపము ఒక్క నిమిషము. దళిగ సిద్ధపరచు తల్లికి ధూమము దినమంతయు. ఆ తల్లి దగ్గును, కన్నీటిని భక్తిగా లెక్కగట్టినవారున్నారు గాని, గోడకు ఒక పొగగొట్టము పెట్టించినవారు తక్కువ. ఇండ్లలోని పొగవలన 2020వ సంవత్సరములో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది అకాలమరణము పొందిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. వారిలో పెక్కుమంది స్త్రీలును, పసిబిడ్డలును. ఊపిరితిత్తుల వ్యాధి, గుండెజబ్బు, కంటిలో శుక్లము ఆ పొగ మిగిల్చిపోవు ఫలములు. గ్యాసుపొయ్యి వచ్చిన తరువాత కొంత మేలు జరిగినది. సిలిండరు ధర చూచి మరల కట్టెలపొయ్యి ముట్టించు ఇండ్లును లేకపోలేదు.

ఈ ప్రాంతమునకు ప్రత్యేకమైన మరొక సంగతి గలదు. నిజామాబాదు, ఆర్మూరు, కామారెడ్డి ప్రాంతములలో వేలాది ఇండ్లు ఇండ్లే కాక కార్ఖానాలు కూడ. స్త్రీలు ఒడిలో చేట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టి బీడీలు చేయుదురు. ఉదయము వంట ముగిసినది మొదలు దీపాలవేళ వరకు అదియే ఆసనము. తంబాకు ధూళి గదిలో ఎగురును. అదే గదిలో పసిబిడ్డ నిద్రించును, అదే గదిలో అన్నము వండి తిందురు. నడుము, మెడ పట్టివేయును, చూపు మందగించును. 1976లో పార్లమెంటు బీడీకార్మికుల సంక్షేమనిధి చట్టము చేసినపుడు వైద్యముతో పాటు గృహవసతిని కూడ దాని ప్రయోజనములలో చేర్చెను. చట్టము చేసినవారికి కనబడిన సంబంధము ఇంటిని కట్టించు మగవానికి కనబడకపోవుట విచారకరము. ఆ ఇంటికి కావలసినది గొప్ప ప్లాను కాదు. వెలుతురు పడు ఒక అరుగు, పైన చిన్న చూరు, వీపు ఆనించుటకు గోడ, తంబాకు నిలువచేయుటకు పడకగదికి దూరముగా ఒక మూల. ఇంతే. పది అడుగుల అరుగును తీసివేసి ముందుగదిలో కలుపుకొన్న రోజుననే ఆ ఇల్లాలి ఊపిరితిత్తులకు కష్టకాలము మొదలైనది.

ఆ ముందుగది ఎందుకు పెద్దదగుచున్నది? చూచువారి కొరకు. ఈ జిల్లానుండి దశాబ్దములుగా వేలమంది యువకులు దుబాయికి, మస్కటుకు, సౌదీకి కూలిపనికై వలసపోవుచున్నారు. పల్లెలలో కనబడు రంగురంగుల మేడలలో చాల భాగము వారి చెమట. అక్కడ కార్మికుల క్యాంపులో ఒక గదిలో పలువురు, ఒకదానిపై నొకటిగా పేర్చిన మంచములపై నిదురించుచు, ఇక్కడ ముత్యమువంటి ఇల్లు కట్టించుచున్నారు. వారు ఆళ్వార్లవలె తమ స్థలమును కుదించుకొన్నవారు. వారి త్యాగమునకు చేతులు మోడ్వవలసినదే. అయితే ఆ ఇంటి ప్లానులో వారి భార్య మాట ఎంతవరకు చొచ్చినది? నాలుగు గదులు, రెండు హాళ్ళు, స్తంభముల వరండా, ఎత్తయిన ప్రహరీ, ఇనుప గేటు. లోపల నివసించునది ఆమె, ఇద్దరు పిల్లలు, వృద్ధురాలైన అత్తగారు. ప్రహరీ గోడ ఎత్తు పెరిగినకొలది పొరుగింటి పలుకరింపు తగ్గినది. రాత్రి ఏ చప్పుడైనను గుండె అదరును. భర్త పది సంవత్సరములలో ఆ ఇంట గడిపిన దినములు వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. ఆరోగ్యమునకు తలుపు గడియ ఎంత అవసరమో, పిలిచిన పలుకు పొరుగు అంత అవసరము. గోడలో ఒక చిన్న దిడ్డి విడిచిపెట్టుమని ఆమెయే అడిగియుండును; ఫోనులో మేస్త్రీతో మాట్లాడిన మగవారెవ్వరును అది లెక్కలోనికి తీసికొనియుండరు.

ఆ మేడపై కాంక్రీటు స్లాబు పగలంతయు ఎండను త్రాగి, రాత్రి లోపలివారిపై వెళ్ళగ్రక్కును. తెల్లవారుజాము వరకు కన్ను మూతపడదు. నిద్రలేమి రక్తపోటును పెంచును, కోపమును పెంచును. ఆ ఇంటి పిల్లలు దెబ్బలు తినుటకు సగము కారణము స్లాబేనన్నచో నవ్వులాట కాదు. దీనికి చౌకయైన విరుగుడు గలదు. మేడపై సున్నము పూసినచో ఎండ తిరిగి ఆకాశమునకు పోవును. లోపలి వేడి కొన్ని డిగ్రీలు తగ్గును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది ఇందుకే. తల్లులు దీపావళికి గోడకు సున్నము వేసిన ఆచారమును గోడనుండి మేడపైకి ఎక్కించుటయే ఈ విధానపు సారము. పడమట ఒక వేపచెట్టో, గానుగచెట్టో పెంచినచో సాయంకాలపు ఎండ గోడను తాకదు. ఎదురెదురు కిటికీలుండవలెనని వేరుగ చెప్పనేల?

వాస్తువును గూర్చి ఇచట ఒక మాట. ఈశాన్యము పెరిగినదని, ఆగ్నేయము తగ్గినదని గోడలు కూల్చి గోడలు కట్టి అప్పుల పాలైన గృహస్థులు ఈ మధ్యకాలమున ప్రతి పట్టణమున కనబడుదురు. దిక్కులను కొలుచు శాస్త్రమునకు సూర్యుని గమనము, గాలి పోకడ ఆధారములు. ఆ శాస్త్రమే ఇంటి నడిమి చోటును బ్రహ్మస్థానమని పేర్కొని, దానిని బరువు లేకుండ, వీలైనంత తెరపిగా ఉంచుమన్నది. పాత ఇంటి నడివాకిలి అదియే. నేటివారు ద్వారపు దిక్కు విషయమున అంగుళము తప్పనీయరు. బ్రహ్మస్థానముపై మాత్రము నిశ్చింతగా స్లాబు పోయుదురు. శాస్త్రములో ఖర్చు పెట్టించు భాగము నిలిచి, గాలి నిచ్చు భాగము పోయినది!

బోధను చరిత్రలో ఇంటిని గూర్చిన మరొక పాఠమున్నది. మంజీరపై నిజాంసాగరు 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన పిదప ఈ నేలకు నీరు వచ్చినది, చెరకు వచ్చినది, కృష్ణా గోదావరీ మండలములనుండి రైతులు వచ్చి క్యాంపులని పిలువబడు పల్లెలు కట్టుకొనిరి. 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపొందినది. దాని చుట్టును శక్కర్‌నగరమను కార్మికపురము వెలసినది. కాలువనీటితో పాటు నిలువనీరు, దానితో దోమ రాక తప్పలేదు. ఇంటి చుట్టునున్న గుంట పూడ్చుట కూడ ఇంటి నిర్మాణములో భాగమేనని ఆ తరమువారు జ్వరములతో నేర్చుకొనిరి. కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడినది. చెరకు తోటలున్న చోట్ల ఇప్పుడు ఎక్కువగా వరి కనబడును. క్వార్టరులో గాలియు, వెలుతురును నిన్నటివలెనే యుండవచ్చును. కాని ఎప్పుడు ఖాళీ చేయుమందురో యన్న భయము గాలికంటె ముందు గదిలో నిండును. మనస్సుకు ఆరోగ్యమిచ్చునది కిటికీ మాత్రమే కాదు, రేపు కూడ ఇక్కడనే యుందుమను నమ్మకము. ఆ నమ్మకమును ఏ మేస్త్రీయు కట్టలేడు. జీతమిచ్చు యజమాని, చట్టము చేయు ప్రభుత్వము, అద్దెకిచ్చు గృహస్థుడు కలిసి కట్టవలసినది అది. సొంత ఇంటికి దిష్టిగుమ్మడి కట్టి, అద్దెవారిని ఆరునెలలకొకమారు కదలించు భక్తులు ఈ సంగతి ఆలోచింపవలెను.

ఇల్లే లేనివారికి ఇల్లు కట్టుట ఆరోగ్యమునకు మొదటి చికిత్స యగునని ఈ జిల్లాలోనే ఒకప్పుడు రుజువైనది. డిచ్‌పల్లి గుట్టపై రామాలయమును దర్శించు యాత్రికులు ఆ ఊరిలో కుష్ఠురోగుల ఆసుపత్రి ఉన్నదని వినియుందురు. ఆ దినములలో కుష్ఠు సోకినవానిని మొదట విడిచినది వాని ఇల్లే. క్రైస్తవ మిషనుకు చెందిన కెర్ దంపతులు ఇందూరులో ఆరంభించిన సేవ 1915 నాటికి డిచ్‌పల్లిలో ఆసుపత్రిగా నిలిచినది. ఇందూరుకు చెందిన రాజా నర్సాగౌడ్ దానికి ధారాళముగా ధనమిచ్చిరి. అప్పటికి ఆ రోగమునకు నమ్మకమైన మందు లేదు. చాల్‌ముగ్రా నూనె వంటి నాటి చికిత్సలు పాక్షికముగానే పనిచేసెడివి. మందు నిశ్చయము కాకమునుపే ఇల్లు నిశ్చయమైనది. తనదను ఒక మంచము, చేయుటకొక పని, పలుకరించు మనుష్యుడు దొరకిరి. ఊరివారు త్రోసివేసినవానికి గూడు కల్పించుట ఏ మతమువారు చేసినను భాగవతధర్మమే. దానమిచ్చిన ఇందూరు గృహస్థునికి ఆ సందేహము కలుగలేదు.

రోగి చూపునకు ఏమి కనబడవలెనను విషయమున అమెరికాలో జరిగిన ఒక పరిశీలన ప్రసిద్ధము. రోజర్ ఉల్రిక్ అను పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుండి 1981 వరకు పిత్తాశయమునకు శస్త్రచికిత్స పొందిన 46 మంది రోగుల వివరములను పోల్చి, 1984లో సైన్స్ పత్రికలో ప్రకటించెను. సగముమంది గదుల కిటికీనుండి చెట్లు కనబడెడివి, తక్కినవారికి ఇటుకగోడ కనబడెడిది. చెట్లను చూచినవారు త్వరగా ఇంటికి వెళ్ళిరి. వారికి తీవ్రమైన నొప్పిమందులును తక్కువగానే అవసరమైనవి. గదులు, మంచములు అందరికి నించుమించు ఒకే తీరువి. భేదము కిటికీ అవతలిది. సీతమ్మ మనస్సు రంజిల్లవలెనని శ్రీరాముడు మొదట చెప్పిన గుర్తునకు ఇంతకంటె వేరు సాక్ష్యము కోరనక్కరలేదు, కోరువారికి ఇదియున్నది.

కనుక ఇల్లు కట్టదలచిన వైష్ణవ గృహస్థుడు మేస్త్రీని పిలుచుటకు మునుపు ఇంటివారందరిని కూర్చుండబెట్టి అడుగవలెను. పొయ్యి వద్ద నిలుచునామెను గాలి ఎటునుండి కావలెనని; బీడీలు చుట్టునామెను వెలుతురు ఎక్కడ కావలెనని; చదువుకొను బిడ్డను చప్పుడు ఎక్కడ బాధించునని. వృద్ధులను మరింత ఓర్పుతో అడుగవలెను, ఎందుకనగా వారు ఏదియు అక్కరలేదనియే చెప్పుదురు. రాత్రి లేచి మరుగుదొడ్డికి పోవుటకు ఎన్ని అడుగులు, ఎన్ని మెట్లు, పట్టుకొనుటకేమున్నది అని కొలిచి చూచినచో వారు చెప్పనిది తెలియును. జారిపడి తుంటియెముక విరిగిన ముసలివారు మరల లేచి తిరుగుట ఎంత కష్టమో ప్రతి ఊరివారికిని తెలిసినదే. నున్నని పలకరాయి అందము ఆ ఒక్క పాటు విలువ చేయదు. పని చేయవచ్చు పనిమనిషికి త్రాగునీటి కుండ, కూర్చుండుటకొక నీడ ఎక్కడనని కూడ అదే సమయమున చూడవలెను. ఆమె ఆ ఇంటిలో నివసింపకున్నను, ఆమె నడుము అందులోనే వంగుచున్నది.

నేటి కొత్త ఇండ్లలో పెక్కింట ఒక దృశ్యము కనబడుచున్నది. ఈశాన్యమున పూజాగృహము, దానికి పాలరాయి, చెక్కిన తలుపులు, విద్యుద్దీపముల తోరణము. మెట్లక్రింద మిగిలిన త్రికోణపు చోటున, నీళ్ళ మోటారు ప్రక్కన, తల్లి మంచము. మెట్లపై ఎక్కువారి అడుగులచప్పుడు ఆమె తలపై పగలంతయు మ్రోగును, కిటికీ యుండదు. ఆ తల్లి పగలు తన మంచమును తానే లాగుకొని గేటు వద్దకు వచ్చి, వీధిలో పోవువారిని చూచుచు కూర్చుండును. అతిథులు వచ్చినపుడు కోడలో, కొడుకో వచ్చి లోపలికి పొమ్మందురు. పెరుమాళ్ళు తిరుక్కోవలూరులో కోవెలను విడిచి నడవలోనికి వచ్చి నిలిచినవాడు. ఆయనకు పాలరాయి ఎంత కావలెనో మేస్త్రీ తరువాత లెక్క వేయవచ్చును. ముందుగా ఆ మంచమునకు తూర్పున ఒక కిటికీ, దాని ముందొక తులసికోట, వీధి కనబడు ఒక అరుగు గీసికొమ్మని చెప్పవలెను.